మోటారుకారు ఏసీ: దోషనిర్ణయము

మోటారుకారులోని గాలిని చల్లబరచి, అందలి తేమను తొలగించి, కూర్చున్నవారి దేహమునకు హితమైన స్థితిలో ఉంచు యంత్రసముదాయమును లోకమున ఏసీ అని వ్యవహరింతురు. అది చల్లదనమీయనపుడు దోషము ఏ యంగమున నున్నదో నిశ్చయించు పద్ధతి ఈ వ్యాసమునకు విషయము. ఆ పద్ధతి అన్నిచోట్ల నొక్కటియే యైనను, శీతోష్ణస్థితిని బట్టియు, మార్గముల స్వరూపమును బట్టియు, గాలిలోని ధూళిని బట్టియు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క జాతి దోషములు ప్రబలి యుండును గనుక, ఇచట నర్సీపట్నమును, దాని పరిసరములను దృష్టియం దుంచుకొని విషయము వివరింపబడినది.

విశాఖపట్నము జిల్లాలో చిరకాలముండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ పట్టణము మైదానమునకును మన్యమునకును నడిమి ద్వారము. ఇచటినుండి ఒక దారి కోటనందూరు మీదుగా తునికి పోవును. వేరొకటి మాకవరపాలెము మీదుగా తాళ్లపాలెము వద్ద జాతీయ రహదారిని కలియును. మూడవది డౌనూరు దాటి ఘాట్ రోడ్డు నెక్కి, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున నున్న లంబసింగి మీదుగా చింతపల్లి చేరును. వేసవిలో ఉక్కతో కూడిన తీరపు గాలియు, చెరకుతోటలలో ఆకు తగులబెట్టినపుడు లేచు మసియు, లేటరైటు లారీలు రేపు ఎర్రధూళియు, కొండ నెక్కునపుడు ఇంజనుపై పడు భారమును, శీతకాలపు రాత్రులలో సున్న డిగ్రీలకు చేరువగు లంబసింగి చలియును ఒకే కారు ఒకే సంవత్సరములో అనుభవించుట ఇచట సామాన్యము. కారు ఏసీకి ఇంతకంటె కఠినమైన పరీక్ష మన రాష్ట్రమున అరుదు.

దోషమును తెలిసికొన గోరువాడు ముందుగా యంత్రము పనిచేయు తీరును తెలియవలయును. అరచేతిపై పోసిన స్పిరిటు ఆవిరియగుచు చేతిలోని వేడిని ఎట్లు తీసికొని పోవునో, అట్లే డాష్‌బోర్డు వెనుక నమర్చిన కూలింగ్ కాయిల్‌లో ద్రవరూపముననున్న గ్యాసు ఆవిరియగుచు కారులోని గాలి వేడిని గ్రహించును. ఆ ఆవిరిని కంప్రెసరు పీల్చుకొని, ఒత్తి, అధికపీడనముతోను అధికోష్ణముతోను కారు ముందుభాగమున రేడియేటరుకు ఎదురుగా నుండు కండెన్సరులోనికి పంపును. అచట ఫ్యాను గాలికిని, కారు వేగమువలన వచ్చు గాలికిని వేడిని విడిచి గ్యాసు మరల ద్రవమగును. ఆ ద్రవము డ్రయరులో తేమను, మలినమును వదలి, ఎక్స్‌పాన్షన్ వాల్వు నందలి సన్నని రంధ్రముగుండా వెళ్లి, ఒక్కసారిగా పీడనము తగ్గుటచే అతిశీతలమై, మరల కూలింగ్ కాయిల్‌లో ప్రవేశించును. ఈ చక్రమున గ్యాసు తిరుగుచునే యుండును. పెట్రోలువలె ఖర్చగునది కాదు. చిన్నకార్లలో దాని బరువు సాధారణముగా అరకిలోకు మించదు. ఆ గ్యాసుతో కలిసి కొలదిపాటి నూనెయు తిరుగుచు కంప్రెసరు నందలి రాపిడిని తగ్గించుచుండును. ఈ రెండు సంగతులను మనసున నిలుపుకొన్నవాడు సగము వైద్యుడయ్యెననియే చెప్పవచ్చును.

ఇక చరిత్రమును గూర్చి కొంచెము. యంత్రబలమున చల్లబడు కారును 1939లో అమెరికా దేశమున ప్యాకార్డు సంస్థ మొదట విక్రయించెను. దానియందు కూలింగ్ కాయిల్ డిక్కీలోని చోటును ఆక్రమించుకొని యుండెడిది. కంప్రెసరును ఆపుటకు క్లచ్ లేనందున, చల్లదనము అక్కరలేని కాలమున బెల్టును ఊడదీయవలసి వచ్చెడిది. మన దేశమున 1983 డిసెంబరులో మారుతి 800 వెలువడిన పిమ్మటనే ఏసీ కారు మధ్యతరగతి గృహస్థుని ఊహలోనికి వచ్చినది. ఆ కాలపు కార్లలో ఆర్-12 అను గ్యాసు వాడబడెడిది. అది ఆకాశమున ఓజోన్ పొరను హరించునని తేలుటచే, 1987 నాటి మాంట్రియల్ ఒడంబడికను బట్టి దాని యుత్పత్తి క్రమముగా మానిపింపబడి, వర్ధమాన దేశములలో 2010 నాటికి ఆగిపోయెను. దానికి బదులుగా వచ్చిన ఆర్-134ఏ ఓజోనుకు హాని చేయదుగాని, భూతాపమును పెంచుటలో బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యి రెట్లకు పైగా బలమైనది. అందుచే ఐరోపాలో 2017 నుండి క్రొత్త కార్లన్నింటను ఆర్-1234వైఎఫ్ వంటి స్వల్పతాపకరములైన గ్యాసులనే వాడవలయునని నిబంధన యేర్పడినది. ఆర్-1234వైఎఫ్ కొలదిగా మండు స్వభావము కలది. ఏ కారున ఏ గ్యాసున్నదో బానెట్టు క్రింద అతికించిన చీటియందు బరువుతో సహా వ్రాసియుండును. దోషనిర్ణయము ఆ చీటిని చదువుటతో మొదలుకావలయును గాని, అనేకులు దానివంక చూడనైన చూడరు.

దోషము ననుసరించి ఫిర్యాదులు రెండు విధములు: గాలి రాకుండుట, చల్లదనము రాకుండుట. ఈ రెంటిని వేరుచేయకుండ చికిత్సకు దిగుటవలన ఎంత ధనమో వ్యర్థమగుచున్నది. గాలి మందముగా వచ్చుచు, వచ్చినంతమట్టుకు చల్లగానే యున్నయెడల గ్యాసుతో పని లేదు. గ్లవ్ బాక్సు వెనుక నుండు ఏసీ ఫిల్టరును బయటికి తీసి వెలుగున కెత్తి చూడవలయును. నర్సీపట్నము చుట్టుప్రక్కల తిరుగు కారులో ఈ ఫిల్టరు మడతల నడుమ ఎర్రమట్టియు, చెరకుమసియు పేరుకొని, అది తెల్లని వస్తువని నమ్మశక్యము కాని స్థితిలో నుండుట తరచు కాననగును. బ్లోయరు ఒక్క పెద్దవేగమున మాత్రమే తిరిగి, తక్కిన వేగములలో నిలిచిపోయినచో దాని రెసిస్టరు కాలినదని గ్రహింపవలయును. మొదట గాలి చక్కగా వచ్చి, గంట ప్రయాణము జరిగిన పిమ్మట సన్నగిల్లి, ఏసీ ఆపి కొంతసేపైనంతనే మరల యథాస్థితికి వచ్చినయెడల, కూలింగ్ కాయిల్‌పై మంచు గట్టుచున్నదనుట నిశ్చయము. కాయిల్ ఉష్ణోగ్రతను తెలుపు సెన్సారు చెడి, కంప్రెసరును వేళకు ఆపకుండుటయే దానికి సాధారణ కారణము.

చల్లదనమే లేనపుడు చెవితోను, కంటితోను, చేతితోను చేయు పరీక్షలు పరికరములతో చేయువానికంటె ముందు రావలయును. ఇంజను తిరుగుచుండగా ఏసీ మీట నొక్కినంతనే కంప్రెసరు క్లచ్ టక్కుమని పట్టుకొను చప్పుడు వినబడవలయును. కండెన్సరు ఫ్యాను తిరుగవలయును. చప్పుడు రానియెడల ఫ్యూజు, రిలే, పీడనమును గమనించు స్విచ్చి, క్లచ్ తీగచుట్ట అను క్రమమున టెస్టు దీపముతో కరెంటును వెదకికొనుచు పోవలయును. ఇటీవలి కార్లలో ననేకములయందు క్లచ్ లేని కంప్రెసరులు వచ్చినవి. వానియందు చప్పుడు లేకుండుట దోషము కాదు. పిమ్మట బానెట్టు క్రింది రెండు గొట్టములను చేతితో తాకి చూడవలయును. ఆరోగ్యముగానున్న కారులో కంప్రెసరుకు తిరిగి వచ్చు లావు గొట్టము చల్లగా, మన తీరప్రాంతపు ఉక్కలో నీటిబిందువులతో తడిసియుండును. కండెన్సరునుండి వచ్చు సన్నని గొట్టము వెచ్చగా నుండును. రెండును వాతావరణమువలెనే యున్నచో గ్యాసు తిరుగుటలేదు. సన్నని గొట్టమునందు ఒకచోట వెచ్చగానుండి, ఆ తరువాతి చోట అకస్మాత్తుగా చల్లబడినచో, ఆ నడుమ అడ్డంకి యున్నది. కంప్రెసరునుండి కండెన్సరుకు పోవు గొట్టమును మాత్రము తాకరాదు. అది చర్మమును కాల్చునంత వేడిగా నుండును.

గ్యాసు కారిపోవుటను కనుగొనుటయందు కన్నే ప్రథమ సాధనము. కారిపోవు గ్యాసుతోబాటు కొంత నూనెయు వెలికి వచ్చును గనుక, కారిన చోట జిడ్డు పట్టి, దానిపై ధూళి యంటుకొని, చుట్టునున్న పొడిలోహమునకంటె నల్లగా ఒక మచ్చ యేర్పడును. గొట్టముల బిగింపులవద్ద ఓరింగుల చుట్టును, కంప్రెసరు ఇరుసు ముందటి సీలువద్దను, కండెన్సరు అడుగు మూలలయందును ఈ మచ్చను వెదకవలయును. ఘాట్ రోడ్డుపై ముందు పోవు వాహనము చిమ్మిన రాయి తగిలి కండెన్సరు రెక్కల నడుమ సూదిమొనయంత రంధ్రము పడుటయు కద్దు. కంటికి దొరకనిచో సబ్బునీరు, అతినీలలోహిత దీపమునకు మెరయు రంగు, గ్యాసును పసిగట్టు విద్యుత్పరికరము, నైట్రోజన్ నింపి పీడనము నిలుచునా యని చూచుట అను ఉపాయములు కలవు. వీనిలో నైట్రోజన్ పరీక్ష నమ్మదగినది. కూలింగ్ కాయిల్ డాష్‌బోర్డు లోపల దాగియుండుటచే దానిలోని లీకు కట్టకడపట తెలియును. నీరు కారు గొట్టము మొనవద్ద పరికరమునుంచి చూచినయెడల డాష్‌బోర్డు విప్పకుండగనే కొంత సూచన దొరకును.

ఇక గేజీల పరీక్ష. ఇది దోషనిర్ణయమునకు ప్రాణము గనుక విస్తరించి చెప్పుట యుక్తము. నీలిరంగు గేజీ అల్పపీడనమును, ఎర్రరంగు గేజీ అధికపీడనమును తెలుపును. బానెట్టు తెరచి, బ్లోయరు పూర్తివేగమున నుంచి, ఇంజనును నిమిషమునకు సుమారు 1500 చుట్ల వేగమున తిప్పుచు పరీక్షింపవలయును. బయట 35 డిగ్రీల వేడి యున్నపుడు ఆర్-134ఏ కారులో నీలిగేజీ చదరపు అంగుళమునకు 30 మొదలు 45 పౌండ్ల వరకును, ఎర్రగేజీ 200 మొదలు 250 పౌండ్ల వరకును చూపుట ఆరోగ్యలక్షణము. ఉక్క ఎక్కువగానున్న దినమున ఈ అంకెలు కొంత పెరుగును. ఏలయన, గాలిలోని ఆవిరి నీరగునపుడు విడుచు వేడిని సైతము యంత్రమే మోయవలయును. తుని వైపు తీరప్రాంతమున గాలి చల్లదనము కొంత తగ్గుటయు, కారుక్రింద ధారగా నీరు కారుటయు అందువలన కలుగునవే. ఆ నీరు కారు వెలుపలికి పోక లోపల కాళ్లక్రిందికి చేరినచో మాత్రము నీటిగొట్టము మూసికొనిపోయినదని తెలియవలయును.

రెండు గేజీలును తక్కువ చూపినచో గ్యాసు తక్కువైనది. రెండును ఎక్కువ చూపినచో గ్యాసు అధికముగా పట్టించుటయైనను, గాలి కలియుటయైనను, కండెన్సరు వేడిని విడువలేకపోవుటయైనను కారణము కావచ్చును. వీనిలో చివరిదానిని వేరుచేయుటకు చక్కని యుపాయమున్నది: కండెన్సరుపై చెంబెడు నీళ్లు కుమ్మరించినంతనే ఎర్రగేజీ ముల్లు దిగి, గాలి చల్లబడినయెడల దోషము ఫ్యానుదో, కండెన్సరు రెక్కలను మూసిన మట్టిదో యగును. రోడ్డుపై పరుగిడుచుండగా చల్లగానుండి, నర్సీపట్నములోని అబీద్ సెంటరు వంటి రద్దీచోట నిలిచినంతనే వేడిగాలి వీచు కార్లలో పెక్కు ఈ జాతిలోనివే. నీలిగేజీ ఎక్కువయు, ఎర్రగేజీ తక్కువయు చూపుచు, ఇంజను ఆపినంతనే రెండు ముళ్లును క్షణములో సమమగుచున్నచో కంప్రెసరు లోపల అరిగిపోయినది. నీలిగేజీ సున్నకు దిగి అంతకును క్రిందికి పోవుచున్నచో ఎక్స్‌పాన్షన్ వాల్వులోనో, డ్రయరులోనో అడ్డంకి యున్నది. ఆ స్థితి మొదట లేక, కొంతసేపు చల్లదనము వచ్చిన పిమ్మట ఏర్పడి, యంత్రమును ఆపి యుంచినంతనే మాయమగుచున్నచో, లోపల చిక్కుకొన్న తేమ వాల్వు రంధ్రమున మంచుగా గడ్డకట్టుచున్నదన్నమాట. రెండు గేజీలును ఆరోగ్యమైన అంకెలనే చూపుచు, లావు గొట్టము చల్లగానే యుండి, కారులోనికి మాత్రము వెచ్చనిగాలి వచ్చుచున్నచో దోషము గ్యాసుచక్రమున లేదు. వేడిగాలిని, చల్లగాలిని కలుపు తలుపు ఒక ప్రక్కకు నిలిచిపోయినది. ఈ చివరి దోషమునకు కంప్రెసరు మార్పించుకొన్నవారు కలరు.

యంత్రము ఆగియున్నపుడు గేజీ చూపు అంకెను నమ్మి గ్యాసు పరిమాణమును నిర్ణయించుట పెద్ద పొరపాటు. లోపల ఒక్క బొట్టు ద్రవము మిగిలియున్నంతవరకు పీడనము ఉష్ణోగ్రతను బట్టియే యుండును. 30 డిగ్రీల వేడిలో సుమారు 97 పౌండ్లును, 35 డిగ్రీల వేడిలో సుమారు 114 పౌండ్లును చూపును. అరకిలో గ్యాసున్నను, నూరు గ్రాములున్నను అంకె అదియే. అయితే ఆ యంకె ఉష్ణోగ్రతకు తగినదానికంటె ఎక్కువగా నున్నచో లోపల గాలియో, వేరొక గ్యాసో కలిసినదనుటకు అది సాక్ష్యము. గ్యాసు సరిపోయినదా యనుటను తేల్చు నిశ్చితమైన మార్గమొక్కటే: ఉన్నదానిని యంత్రముతో వెలికి తీసి తూచి, చీటియందలి బరువుతో సరిచూచుట.

ఘాట్ రోడ్డు విషయమున ఒక హెచ్చరిక అవసరము. డౌనూరు దాటి లంబసింగి వైపు ఎక్కునపుడు నడుమ నడుమ చల్లదనము తగ్గినదని కొందరు దిగివచ్చి మెకానిక్కును పట్టుకొందురు. ఇంజను వేడెక్కినపుడుగాని, యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కినపుడుగాని కంప్రెసరును తాత్కాలికముగా విడుదల చేయునట్లు అనేక కార్లలో ఏర్పాటున్నది. ఏటవాలు తగ్గినంతనే చల్లదనము తిరిగి వచ్చినచో అది దోషము కాదు. ప్రతి యెక్కుడునందును ఇంజను ఉష్ణోగ్రత ముల్లు పైకి పోవుచున్నచో మాత్రము ఏసీని విడిచి, రేడియేటరును, ఫ్యానును, కూలెంటును పరీక్షింపవలయును.

దోషము తెలియకుండ చేయు చికిత్సలలో అత్యంత ప్రచారము పొందినది గ్యాసు పట్టించుట. కారిపోవుచోటును మూయక పైపైన గ్యాసు నింపుట కారుయజమానికి ఏటేట దండుగయే కాదు, యంత్రమునకు క్రమమరణము. గ్యాసు తగ్గినకొలది దానితో తిరుగు నూనె కంప్రెసరుకు చేరదు. అట్టి స్థితిలో అల్పపీడన స్విచ్చి కంప్రెసరును ఆపి కాపాడుచుండగా, ఆ స్విచ్చి తీగలను కలిపివేసి బలవంతముగా తిప్పువారు కొందరు కలరు. కొలది దినములలో కంప్రెసరు పట్టివేయును. దాని లోహపు పొడి నూనెలో కలిసి నల్లని బురదయై కండెన్సరు సన్నని నాళములలోనికి, వాల్వులోనికి వ్యాపించును. అపుడు క్రొత్త కంప్రెసరు బిగించినను అది నిలువదు. వందల రూపాయల ఓరింగుతో పోవలసిన జబ్బు వేల రూపాయల వ్యయమునకు దారితీయుట ఈ విధముననే.

గొట్టములు విప్పి బాగుచేసిన పిమ్మట వ్యాక్యూమ్ పెట్టుట విధి. ఇది లోపలి గాలిని తీయుటకు మాత్రమే కాదు. పీడనము తగ్గినకొలది నీరు తక్కువ వేడిలోనే మరగును. 30 డిగ్రీల దినమున పాదరసము 728 మిల్లీమీటర్లకు మించిన శూన్యము కలిగినచో లోపలి తేమ మరగి ఆవిరియై వెలికిపోవును. అందుకు అరగంటయైనను వ్యవధి కావలయును. పంపు ఆపిన పిమ్మట ముల్లు కదలక నిలుచునా యని చూచుటకు మరికొంతసేపు కావలయును. రెండు నిమిషములు కంప్రెసరుతోనే గాలి లాగి గ్యాసు వదలుట శూన్యము చేయుట కాదు. విప్పిన ప్రతిసారి డ్రయరును మార్చుటయు, కారుకు విధింపబడిన జాతి నూనెనే పోయుటయు ఇంతే ముఖ్యములు. లీకులను మూయునని చెప్పబడు జిగురుద్రవములను లోనికి పంపరాదు. అవి వాల్వును, పరీక్షాయంత్రములను చెరచును. చవకయని వంటగ్యాసును నింపుట ప్రాణాపాయకరము. డాష్‌బోర్డు లోపల లీకైనయెడల మూసిన కారంతయు మండు వాయువుతో నిండిపోవును.

ఈ పనిలో చేతులకు, కన్నులకు రక్షణ తప్పనిసరి. ఆర్-134ఏ మామూలు గాలిపీడనమున సున్నకు దిగువ 26 డిగ్రీల వద్దనే మరగును గనుక, చిమ్మిన ద్రవము కంటిలో పడినచో చూపు పోవచ్చును. గ్యాసు డబ్బాను మంటతో వేడిచేయరాదు. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో కంప్రెసరు అధిక విద్యుత్పీడనముతో తిరుగును. నారింజరంగు తీగలను శిక్షణ లేనివారు ముట్టనేకూడదు. అట్టి కంప్రెసరులలో సాధారణపు నూనె పోసినచో విద్యుత్తు కారిపోవు ప్రమాదమును కలదు.

నర్సీపట్నము వంటి పట్టణములలో పరీక్షకు తగిన కాలము మాఘ ఫాల్గుణములు. వైశాఖమున షెడ్డుల ముందు కార్లు బారులు తీరినపుడు అరగంట వ్యాక్యూమ్‌కు ఓపిక ఎవరికిని ఉండదు. కారును షెడ్డుకు తీసికొనిపోవు యజమాని లీకైన చోటును తన కన్నులకు చూపుమనియు, నింపిన గ్యాసు ఎన్ని గ్రాములో చీటిపై వ్రాసి యిమ్మనియు అడుగవలయును. మంచి మెకానిక్కు ఈ రెండు ప్రశ్నలకును నొచ్చుకొనడు. చలికాలమునందు సైతము వారమునకొకసారి పది నిమిషములు ఏసీని నడిపినయెడల కంప్రెసరు సీలు నూనెతో తడిసియుండి, ఎండిపోయి పగులకుండ నిలుచును.